సీతాకోకచిలకల పంచాయితీ

విశాఖపట్నం,
నవంబర్ 3

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు దసరాకే రాయాల్సింది. తిట్టుకో, పడతాను. ముందు మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తా: అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చిన్నదానికి పరీక్షలు, మా ఆఫీసు మారలేదు, మేనేజరూ మారలేదు. నీ బాకీ సంగతి అడక్కు. కబుర్లు అయిపోయాయి.

ఇక అసలు సంగతి. మొన్నటి నుంచి ఎవరికి చెప్పబోయినా "ఓహో" అని ఫోన్ చూసుకుంటున్నారు. నువ్వైనా వినాలి. బోటనీ రికార్డులో నా బొమ్మలన్నీ కాపీ కొట్టిన రుణం ఇలా తీర్చుకో.

నిన్న సమాధుల పండుగ కదా. ఏటా లాగే ముందురోజు అమ్మతో కలిసి తాతయ్య సమాధికి సున్నం వేయడానికి వెళ్ళాను. మా చర్చి వెనక సమాధుల తోట నీకు తెలుసు. అర్ధరాత్రి లోపలికి వెళ్తానని పందెం కాసి, గేటు దగ్గర నీకు కడుపునొప్పి వచ్చింది చూడు, అదే. ముందు సగం మావాళ్ళవి, ఇప్పుడు అన్నీ టైల్సే. వెనక సగం పాత దొరలవి. వాటికి సున్నం వేసేవాళ్ళు లేరు, కొవ్వొత్తి పెట్టేవాళ్ళు లేరు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి అక్కడి పెద్ద నిద్రగన్నేరు కూలిపోయింది. ఆ నీడ పోయి ఎండ తగిలేసరికి మొక్కలు విజృంభించాయి. గోడంతా నల్లేరు, రాళ్ళ సందుల్లో బిళ్ళగన్నేరు, కింద కుప్పింట, గడ్డిచామంతి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ ఇక్కడ దున్నేవాడు లేడు, పునాది తవ్వేవాడు లేడు, గోడ ఉంది కాబట్టి మేకలూ రావు. ఇంకేం కావాలి వాటికి!

నీళ్ళకోసం కుళాయి దగ్గరికని వెనక్కి వెళ్ళాను. ఒక సమాధిని పూర్తిగా కప్పేస్తూ గిలక్కాయల మొక్కలు. పసుపు పూలవి, మనం ఎండు కాయలు తెంపి చెవి దగ్గర ఆడించుకునేవాళ్ళం. మొక్కల నిండా ఎండుటాకులు వేలాడుతున్నాయనుకున్నా. బకెట్ ఠంగుమని కింద పెట్టానో లేదో, ఆకులన్నీ ఒక్కసారి లేచాయిరా! నల్లటి రెక్కలు, వాటి మీద లేత నీలం చారలు, మచ్చలు. ఎన్ననుకున్నావ్? లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. నా చొక్కా మీద, బకెట్ అంచు మీద, ఒకటి తిన్నగా నా కళ్ళజోడు మీద. కాసేపాగితే మళ్ళీ అన్నీ మొక్కల మీదే వాలాయి.

వింత ఏమిటంటే అవి పూల జోలికి పోవడం లేదు. వాడిన ఆకుల్ని కాళ్ళతో గీరి, ఊరిన రసం తొండంతో పీలుస్తున్నాయి. ఆ మొక్కలో ఉన్న ఆల్కలాయిడ్లు విషం, పశువులు మేస్తే కాలేయం పాడవుతుంది. వీటికి కావలసింది ఆ విషమే. ఒంట్లో దాచుకుంటే ఇక పిట్టలు ముట్టుకోవు. ఇంకో రహస్యం విను. ఇలా చేరేవాటిలో ఎక్కువ మగవే. ఆడవాటిని మెప్పించే సెంటు తయారుచేసుకోవడానికి సరుకు అదే! సెంటు అనగానే ఎవరు గుర్తొచ్చారో చెప్పనా? లైబ్రరీ మెట్లు, మల్లెపూల సీసా, మామిడి టెంక. ఇంతకన్నా రాయను, మీ ఆవిడ ఈ ఉత్తరం చదువుతుంది.

సరే, నేనిలా నోరు తెరుచుకుని నిలబడ్డానా, వెనక నుంచి బర్రుమని చప్పుడు. గడ్డి కోసే మెషిన్ భుజాన వేసుకుని ఒక కుర్రాడు, వాడి వెనక మా కమిటీ పెద్దమనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపమన్నాను. పాములుంటాయి, పండక్కి జనం వస్తారు, శుభ్రంగా ఉండాలి అంటాడాయన. నేను ఆల్కలాయిడ్లూ పరాగసంపర్కమూ మొదలెట్టాను, ఆయన నన్ను జాలిగా చూశాడు. కాపలా తాత మాత్రం "ఆటి జోలికెల్లకండి బాబూ, ఏటా వత్తాయి, నాల్రోజులుండి ఎల్లిపోతాయి" అన్నాడు. ఎవరు వింటారు?

అప్పుడు అమ్మ, తాతయ్య సమాధి గట్టు మీద కూర్చుని, సున్నం కుంచె చేత్తో పట్టుకునే అడిగింది: "కొవ్వొత్తులన్నీ ముందు వైపే కదా. రేపు వెనక్కి ఎవరొస్తారు నాయనా, దొరలు లేచొస్తారా?"

మెషిన్ కుర్రాడు పడీపడీ నవ్వాడు. పెద్దమనిషి నవ్వు ఆపుకోలేక మీసం సవరించుకున్నాడు. చివరికి ఒప్పందం: గేటు నుంచి కుళాయి దాకా దారి మటుకు కోస్తారు. మిగతాది సంక్రాంతి వెళ్ళాక, కాయలు ఎండి గింజలు రాలాక. కోసిన గడ్డి అక్కడే కుళ్ళబెట్టకుండా ఎత్తిపారేయాలని నేను ఇంకో షరతు పెట్టాను. తాత దానికి తలూపాడు, చూద్దాం.

అలాగని ప్రతి మొక్కకీ దండం పెట్టే రకం అయిపోయాననుకోకు. పిట్టలు రెట్టలో వేసిన రావి గింజలు సున్నం పగుళ్ళలో మొలుస్తాయి. వేలంత ఉన్నప్పుడే పీకెయ్యాలి. ముదిరితే వేరుతో పాటు రాయీ ఊడి వస్తుంది. ఒక సమాధి అలా రెండుగా చీలిపోయింది కూడా. తాతకి చెప్తే, చర్చి మనిషైనా సరే, రావి మీద కత్తి వెయ్యడట! ఆ పని నా మెడకే చుట్టుకుంది. పక్కనే కమాను కంతలో చిన్న గుడ్లగూబ ఒకటి, నేను కత్తి పట్టుకుంటే తల ఎగరేసి ఎగరేసి చూస్తుంది.

ఇంకో బెంగ. పెద్దమనిషి దొరల రాళ్ళన్నీ వైరు బ్రష్‌తో తోమించి తెల్ల పెయింటు వేయిస్తాడట. రాళ్ళ మీద ఆ బూడిదరంగు, పసుపు మచ్చలున్నాయే, మన భీమిలి డచ్ సమాధుల మీద నువ్వు నాణెంతో గీకి నాతో తిట్లు తిన్నావు, ఆ లైకెన్లు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేస్తాయి, పెరగడం ఏడాదికి మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. సమాధి మీద తేదీ చెక్కి ఉంటుంది కాబట్టి, మచ్చ కొలిచి అది ఎంత వేగంగా పెరుగుతోందో లెక్కకట్టొచ్చు. ఆ లెక్కతో తేదీ లేని రాళ్ళ వయసు కూడా అంచనా వేస్తారు. ఇదంతా ఆయనకి చెప్పడానికి నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళానా, ఆయన ఏమన్నాడంటే

ఆగు, చిన్నది ట్యూషన్ నుంచి ఫోన్ చేస్తోంది. వాన మొదలైంది, గొడుగు తీసుకెళ్ళలేదట. ఇది దారిలో పోస్టు డబ్బాలో పడేస్తా. మిగతాది తర్వాత రాస్తా.

నీ
రాజు