మోటుపల్లి పండగలో ఆ శాసనం చదవాలి

సంపాదకులకు నమస్కారం.

ఒకప్పటి కాకతీయుల రేవు మోటుపల్లిలో ఏటా మూడు రోజులు ఉత్సవాలు జరపాలని కోరుతూ, పొద్దున నాతో పాటు నడిచే మిత్రులు ఒక అర్జీ తయారుచేశారు. సంతకానికి నా దగ్గరకూ తెచ్చారు. నేను పెట్టలేదు. "ఏందయ్యా, ఆ పక్కన పుట్టినోడివి, నువ్వే పెట్టకపోతే ఎట్టా?" అని ఒకాయన గట్టిగానే అడిగాడు. నడుస్తూ చెప్పబోతే ఆయాసం వచ్చింది గానీ విషయం తెమల్లేదు. అందుకే మీకు రాస్తున్నాను. వాళ్ళంతా చదివేది మీ పేపరే.

అర్జీ మూడు పేజీలు. సముద్రం ఒడ్డున స్టేజీ, టీవీ యాంకరు, డాన్సులు, లేజర్ షో, పడవ పందేలు, చేపల పులుసు స్టాళ్ళు, గుర్రం మీద రుద్రమదేవి, ఆమె వెనక మార్కోపోలో. వీటిలో దేనిమీదా నాకు కోపం లేదు. పులుసు దగ్గర నేనూ ముందు వరసలోనే ఉంటాను. వరంగల్లులో 2022 జులైలో కాకతీయుల పేరు మీద వారం రోజులు ఉత్సవం చేశారు. సూళ్లూరుపేటలో పక్షులకే పండగ జరుగుతోంది. కాకతీయుల రేవుకు ఒక పండగ ఉంటే తప్పేముంది? మోటుపల్లి 2022లో మా ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి పోయింది కాబట్టి, అర్జీ ఏ కలెక్టరుగారికి ఇవ్వాలన్న తగవు కూడా ఒకటి నడుస్తోంది. అది వాళ్ళే తేల్చుకుంటారు. నా పేచీ వేరే. ఆ ఊరికి పేరు తెచ్చిన అసలు సంగతికి మూడు పేజీల్లో దక్కింది ఒక్క ముక్క: "చారిత్రక ప్రాధాన్యత గల శాసనము కలదు."

ఎవరిదని అడిగితే అర్జీ రాసినాయన "కాకతీయ రాజు గణపతిదేవుడిది" అన్నాడు. ఏం రాయించాడు? "అదే, అభయ శాసనం." ఎవరికి అభయం? అక్కడ ఆగిపోయాడు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ఒంగోల్లో పొగాకు ఎగుమతి చేసే ఒక కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేశాను. బేళ్ళ లెక్క, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, మద్రాసు రేవుకు ఫోన్లు. అదే నా లోకం. రిటైరయ్యాక వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చుని ఈ శాసనం సంగతి మొదటిసారి పూర్తిగా చదివితే నవ్వొచ్చింది. ఇది మా కాగితమే! రాజుగారి వంశం గొప్పలు అయిపోయాక మిగిలింది సముద్ర వ్యాపారులకు ఇచ్చిన హామీ, దాని కింద సుంకాల పట్టిక.

శక సంవత్సరం 1166, అంటే 1244-45. వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద చెక్కించారు. సారం ఇదీ. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు తుపానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, వెనకటి రాజులు వాటిలో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు. మేం మాత్రం మా కీర్తి కోసం, పుణ్యం కోసం, ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించినవాళ్ళ మీద దయతో, ఏర్పాటైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి.

"కీర్తి కోసం" అని దాచకుండా చెప్పుకున్నాడు చూశారా, నాకు అది బాగా నచ్చింది. లాభం సంగతీ తెలియక కాదనుకుంటాను. పగిలిన ఓడను దోచుకుంటే వచ్చేది ఒక్కసారి. ఆ కబురు పాకిందంటే ఇంకో పది ఓడలు ఈ ఒడ్డు ముఖం చూడవు.

ఇక పట్టిక. గంధానికి తూకం మీద సుంకం. కర్పూరానికి, చీని కర్పూరానికి, ముత్యాలకు విలువ మీద. పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు ఇంకో వరస. మిరియాలు విడిగా. పట్టుకు మూటకింత, వక్కలకు లక్షకింత. (లక్ష వక్కలు లెక్కపెట్టిన ఆ గుమాస్తా ఎవరో గానీ, అతనికి నా దండం.) ఏ సరుకును దేని ప్రకారం లెక్కగట్టాలో తెలిసినవాడే ఈ పని చేయగలడు. అన్నిటికంటే ముఖ్యం, రేటు రాతి మీద ఉంది. ఓడ ఎక్కేముందే వర్తకుడు తన ఖర్చు లెక్క వేసుకోవచ్చు. నా ఉద్యోగంలో ఒకసారి మా సరుకు రేవులో పదకొండు రోజులు ఆగిపోయింది. ముందెవరూ చెప్పని ఒక రుసుము ఉందని ఆఖరి నిమిషంలో కబురొచ్చింది. ఆ పదకొండు రాత్రులూ నాకు సరిగా నిద్ర లేదు. అందుకని ఆ స్తంభం ముందు నిలబడితే, దేవుడి ముందు నిలబడ్డట్టే ఉంటుంది నాకు.

ఇంకో కారణం ఉంది. ఇది మిత్రులకు కూడా చెప్పలేదు.

మా ఊరు చినగంజాం పక్కన. ఉప్పు కొఠార్లు దాటితే సరుగుడు తోపులు, అవి దాటితే సముద్రం. చిన్నప్పుడు మా గొడ్ల సావిట్లో ఒక దూలం ఉండేది. తాడి కాదు, వేప కాదు, ఏ కర్రో మా నాన్నకీ తెలియదు. నల్లగా, నూనె రాసినట్టు ఉండేది. దానికి వరసగా మూడు బెజ్జాలు, మధ్య బెజ్జంలో తుప్పు పట్టిన ఇనప చీల ఒకటి ఇరుక్కుని ఉండేది. ఒక కొసన తెల్ల రంగు మరక, ఆ మరకలో సగం తెగిన అక్షరం. ఏ భాషదో ఎవరూ చెప్పలేకపోయారు. పలుపు తాళ్ళు ఆ చీలకే తగిలించేవాళ్ళం. ఎక్కడిదని అడిగితే మా నాయనమ్మ "సముద్రం ఇచ్చింది" అనేది. గాలివానకు పగిలిన పడవొకటి ఒడ్డుకొస్తే ఊరంతా పోయి తలా ఒక చెక్క తెచ్చుకున్నారట. మా తాత వంతుకు ఆ దూలం వచ్చింది. "మరి ఆ పడవ వాళ్ళేమయ్యారు?" అన్నాను ఒకరోజు. "అన్నం తినరా ముందు" అంది.

లైబ్రరీలో "వెనకటి రాజులు" అన్న చోటికి వచ్చేసరికి నాకు గుర్తొచ్చింది ఆ చీల. రాజులదాకా ఎందుకు, మేమూ అదే పని చేశాం.

మార్కోపోలో గురించి ఒక్క మాట. ఆయన మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. వజ్రాల లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా పైకి తెస్తాయని కూడా రాశాడు. మా వాళ్ళు అర్జీలో గద్దల వేషాలు కూడా చేర్చారు, సరదాగానే ఉంటుంది. కాకపోతే ఆయన కథలో రాణి చనిపోయిన రాజుగారి భార్య. మన రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. నాటకం కట్టేవాళ్ళు ఈ సంగతి చూసుకోకపోతే పరువు పోతుంది.

గణపతిదేవుడి మాట ఆయనతోనే పోలేదు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ హామీ శాసనం వేయించాడు. రాజ్యం మారినా మాట పనికొచ్చింది. ఇదీ పండగలో వినపడాలి.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. మొదటి రోజు పొద్దున, స్టేజీ మీదికి యాంకరు రాకముందే, గుడి దగ్గర ఆ శాసనాన్ని వాడుక తెలుగులో మొదటినుంచి చివరిదాకా చదవాలి, సుంకాల పట్టికతో సహా. చదివేది మంత్రిగారు కాకూడదు. వేటకు పోయే మనిషి చదవాలి. గాలివానకు పడవ వేరే ఊరి ఒడ్డున పడితే వల, ఇంజను చేతికొస్తాయా రావా అన్న టెన్షన్ ఆయనకు తెలిసినంత మనకెవరికీ తెలియదు. స్తంభం పక్కన అదే పాఠం ఈనాటి లిపిలో ఒక బోర్డు మీద ఏడాది పొడుగునా ఉండాలి. పాత అక్షరాలు చూసి బొమ్మలనుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళు కాగితాలు చదివిన నాకే అవి ఒక్కటీ అర్థం కాలేదు.

తేదీ విషయంలోనూ నాకు అభ్యంతరం ఉంది. టూరిస్టులు వస్తారని డిసెంబరు అన్నారు. మా తీరంలో తుపాన్లు లేచే కాలంలో స్టేజీ కట్టి ఎవరికి అభయమిస్తారు? ఉగాదికి పెట్టండి. శక 1166 క్రోధి నామ సంవత్సరం. 2024 ఉగాదికి వచ్చిందీ క్రోధే, సరిగ్గా పదమూడు చుట్లు, 780 ఏళ్ళు. ఆ రోజు టీవీలో పంచాంగ శ్రవణం నడుస్తుంటే నేను వేళ్ళు మడుచుకుంటూ ఈ లెక్క వేశాను. మా ఆవిడ పచ్చడి గిన్నె చేతికిచ్చి, "ఇంకా డ్యూటీలోనే ఉన్నారా?" అంది.

మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఆ దూలాన్ని మా తమ్ముడు తీసుకుపోయి పెరట్లో గోడకు ఆనించాడు. చీల ఇంకా దానికే ఉంది. మొన్న ఫోన్ చేసి అడిగితే ఇస్తానన్నాడు. అర్జీలో నేను చెప్పిన పేరా ఒకటి చేర్చండి, సంతకం పెడతాను. గుడివాళ్ళు ఒప్పుకుంటే శాసనం చదివే చోట ఆ దూలం పెడదాం. బండి కిరాయి నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎగుమతి గుమాస్తా,
ఒంగోలు.