వైజాగూ మనదే, వాల్తేరూ మనదే

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. శుభలేఖలో ఊరి పేరు విశాఖపట్నం అనే వేయించు, నిండుగా ఉంటుంది. "వైజాగ్ అంటే మీ ఊరివాళ్లకి కోపమా?" అని రాశావు చూడు, దానికి మాత్రం రెండు ముక్కల్లో జవాబివ్వలేను.

కోపమేంటిరా! తెల్లదొరలు రికార్డుల్లో వైజాగపటం అని రాసుకున్నారు. అందులో ముందు ముక్క మన నోట నిలిచిపోయింది. రాత్రిపూట ట్రావెల్స్ బస్సు మెట్టు మీద వేలాడుతూ కుర్రాడు "వైజాగ్ వైజాగ్ వైజాగ్" అని ఒక్క ఊపిరిలో కేకేస్తాడు. విశాఖపట్నం అని అలా అరవమను, రెండోసారికే ఆయాసం వస్తుంది. అయితే 1966 నాటి "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" నినాదంలో విశాఖ తీసేసి వైజాగ్ పెట్టి చూడు, చప్పబడిపోతుంది. ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయాయిరా. ఊరి కోసం గొంతెత్తాల్సి వస్తే ఇప్పటికీ మా నోట వచ్చేది విశాఖే.

విశాఖుడంటే కుమారస్వామి. వైశాఖేశ్వరుడి గుడి ఒకటి ఇక్కడ సముద్రంలో కలిసిపోయిందని పెద్దలు చెబుతారు. మచిలీపట్నం, భీమునిపట్నం లాగే ఇదీ రేవు ఊరు కాబట్టి చివర పట్నం చేరింది. భీమునిపట్నాన్ని మనవాళ్లే భీమిలి చేసుకున్నారనుకో.

నాకు బెంగంతా మా ఊళ్లోనే ఉన్న వాల్తేరు పేరు గురించే. ఒకప్పుడు రైల్వే స్టేషన్ పేరు కూడా అదే. యూనివర్సిటీ పాత పుస్తకాలు తెరిస్తే మొదటి పేజీలో "ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, వాల్తేరు" అని ఉంటుంది. స్టేషన్ పేరు మారాక కూడా రైల్వే డివిజన్‌కి ఆ పేరు ఉండేది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దాన్నీ విశాఖపట్నం డివిజన్‌గా మార్చాలని నిర్ణయించింది. దొరలనాటి పేరట! పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబకి మొక్కుకునేవాళ్లని అడగమను, అది ఎవరి పేరో చెబుతారు. స్పెల్లింగు దొరలది కావచ్చు, ఊరు మాత్రం మనదే కదా.

అన్నట్టు, విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకుంటే ఒకటి గుర్తుపెట్టుకో. పేరు మాదే అయినా అది ఇక్కడితో ఆగదు, భువనేశ్వర్ దాకా పోతుంది. నిద్రపోయావంటే ఒడిశాలో తేలతావు. ఏ రోజు వస్తున్నావో ముందుగా రాయి, స్టేషన్‌కి నేనే వస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాము