డెలివరీలు ఎందుకు లేటయ్యాయి, మన పికప్ సంగతేంటి

మంచాలకీ బీరువాలకీ అడ్వాన్సు ఇచ్చి డెలివరీ కోసం చూస్తున్న వాళ్లకి ఇన్నాళ్లూ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చాను, ఒకరికి ఒకటి చెప్పి ఇంకొకరికి ఇంకోటి చెప్పినట్టు అవుతోంది, అందుకే జరిగింది జరిగినట్టు ఒకేచోట రాసేస్తున్నా. ముందు మీకు కావాల్సిన సంగతి. మీ సామాను రెడీగా ఉంది. పాలిష్ ఆరిపోయింది, గుడ్డలు చుట్టి గోడవారగా నిలబెట్టాం. ఆలస్యం అంతా బండి దగ్గరే. మన పాత పికప్ ఇంజిన్‌లో బేరింగులు పోయాయి, కొత్త బండి కొనలేదు, నేనూ అమ్మా కలిసి ఉన్న బండినే ఊడదీసి అక్కడా ఇక్కడా దొరికిన స్పేర్లతో మళ్లీ నిలబెట్టాం. ఇప్పుడు నడుస్తోంది. కాకపోతే కొన్నాళ్లు దాని మీద బరువు వెయ్యకూడదు, అది ఎందుకో కింద చెప్తా.

అమ్మ అంటే బిల్లు రాసే ఆవిడగానే మీకు తెలుసు. ఈ ఫర్నిచర్ షాపు పెట్టకముందు ఆవిడ చాలా ఏళ్లు బండ్ల స్పేర్ పార్ట్స్ కౌంటర్లో పని చేసింది. అసలు పార్ట్ ఏదో, నకిలీది ఏదో డబ్బా తెరవకుండానే సగం చెప్పేస్తుంది, తెరిస్తే మిగతా సగం కూడా చెప్తుంది. లోడ్‌తో ఎత్తు ఎక్కుతుంటే పక్క సీట్లోంచి "ఆపరా, కింద కొడుతోంది" అన్నది కూడా ఆవిడే, నాకు ఆ శబ్దం వినపడటానికి ఇంకాసేపు పట్టింది. ఇంజిన్ ఆయిల్ దింపితే గిన్నె అడుగున రాగి రంగులో సన్నటి తళుకులు. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) విప్పి, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్డు క్యాప్ తీస్తే, లోపలి బేరింగ్ రేకు మీద బూడిద రంగు పూత ఎక్కడా లేదు, లోపలి రాగి రంగు తేలిపోయి ఉంది. క్రాంక్ అంటే పిస్టన్లు తిప్పే ఇనప ఇరుసు, ఆ బేరింగులలో తిరిగేది అదే, దాని మీద గోరు పెట్టి లాగితే గీతలు తగులుతున్నాయి. అంటే క్రాంక్ గ్రైండింగ్‌కి పోవాల్సిందే.

నాకు నిద్ర లేకుండా చేసింది దీని తర్వాత వచ్చిన నిర్ణయం. అదే మోడల్ పికప్ ఒకటి వెనక నుంచి దెబ్బ తిని పక్కన పడుంది, దాని ఇంజిన్ మొత్తంగా అమ్ముతామన్నారు. మనది దించి అది ఎక్కిస్తే అయిపోతుంది, డెలివరీలు వెంటనే మొదలవుతాయి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూపే మీటర్) పట్టుకెళ్లి చూశాం, నాలుగు సిలిండర్లూ 26, 27 బార్ దగ్గర దాదాపు సమానంగా చూపించాయి, డీజిల్ ఇంజిన్‌కి ఆ వయసులో అది మంచి మాటే. నాకు సంతోషం ఆగలేదు. అమ్మ మాత్రం గేజ్ తుడిచి పెట్టెలో పెట్టేస్తూ, "ఇది రింగులు, వాల్వులు బాగున్నాయని చెప్పింది. మనది పోయింది కింద కదరా" అంది. కంప్రెషన్ ఎంత బాగున్నా క్రాంక్ బేరింగులు ఎలా ఉన్నాయో ఆ గేజ్ చెప్పదు. సరే, ఒక్కసారి సంప్ విప్పి చూస్తాం అంటే అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు, విప్పితే కొన్నట్టే అన్నారు. దుంగ కోయకుండా లోపల గుల్ల ఉందో లేదో తేల్చమన్నట్టు ఉంది నా పరిస్థితి.

ఇటు పక్క మన ఇంజిన్. బ్లాకు పగల్లేదు, బోర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు, కాస్త అరిగాయి అంతే. 0.50 మిల్లీమీటర్ బోరు పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే, క్రాంక్ కూడా గ్రైండ్ చేయిస్తే మళ్లీ ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఈ ఇంజిన్‌కి ఏ ఆయిల్ ఎప్పుడు పోశామో, ఏ ఫిల్టర్ ఎప్పుడు మార్చామో మొత్తం అమ్మ నోటుబుక్కులో ఉంది, అవతలి ఇంజిన్‌ని ఎవరు తోలారో ఎలా తోలారో ఎవరికీ తెలీదు. పైగా ఇంజిన్ మార్చితే ఇంజిన్ నంబర్ మారుతుంది, బండి కాగితాల్లో కూడా మార్పించుకోవాలి, అదో తిరుగుడు. కానీ మన ఇంజిన్ బాగుచెయ్యాలంటే టైం పడుతుంది, ఆ టైం మీ దగ్గర్నుంచి తీసుకున్నట్టే. ఇంట్లో మంచం తీసేసి నేల మీద పడుకుంటూ మా డెలివరీ కోసం చూస్తున్న వాళ్లు ఉన్నారని నాకు తెలుసు. అడ్వాన్సు డబ్బు జేబులో పెట్టుకుని ఆ ఇంజిన్ దగ్గరికి వెళ్లి, ఇవ్వకుండా తిరిగొచ్చేశాను కూడా. అమ్మని అడిగితే వద్దనీ అనలేదు కొనమనీ అనలేదు, "నీ ఇష్టం, బిగించేటప్పుడు మాత్రం నన్ను పిలువు" అని ఊరుకుంది. ఆవిడ అరిచి చెప్పుంటే నాకు సుఖంగా ఉండేది.

చివరికి మన ఇంజిన్నే విప్పాం. ఆ రెండోది కొనుంటే సామాను ముందే వచ్చేది కదా అని ఇప్పటికీ అడుగుతున్నారు. వచ్చేది. దారి మధ్యలో మీ బీరువాతో సహా ఆగిపోదని మాత్రం ఎవరు హామీ ఇస్తారు? తెలీని ఇంజిన్ మీద మీ సామాను ఎక్కించడం నాకు ఇష్టం లేదు, ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి వచ్చినా ఇదే చేస్తా.

ఇంకో మాట కూడా వచ్చింది, అది కాస్త గుచ్చుకుంది. ఒక పాత కస్టమర్ "అతుకుల బండిలో నా టేబుల్ పంపకండి" అన్నారు. ఎడమ డోర్ నీలం, బండి తెలుపు, బానెట్ ఇంకో బండిది, నిజమే, చూడ్డానికి అలాగే ఉంటుంది. అయినా వేరే బండి పార్టు అంటే తక్కువ పార్టు అని ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు. 1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ దగ్గర మూడు కాడిలాక్ కార్లని నట్టు నట్టు విప్పేసి, పార్టులన్నీ ఒకే గుట్టగా కలిపేసి, కొన్నింటిని తీసేసి వాటి బదులు స్టాకులోవి ఇచ్చి, ఆ గుట్టలోంచే మళ్లీ మూడు కార్లు కట్టించి 500 మైళ్లు పరిగెత్తించారు. మూడూ పరిగెత్తాయి, ఆ కంపెనీకి డ్యూవర్ ట్రోఫీ అనే బహుమతి కూడా ఇచ్చారు. కొలత సరిగ్గా ఉంటే ఏ బండి పార్టు ఆ మోడల్ ఇంకో బండికి కూర్చుంటుంది, స్పేర్ పార్టుల వ్యాపారం మొత్తం నడిచేదే దాని మీద. డోర్ రంగు చూసి ఇంజిన్ని అంచనా వేసేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. పెయింట్ తర్వాత వేయిస్తా, తొందరేం లేదు.

కొలత అన్నాను కదా, అసలు దెబ్బ తిన్నది అక్కడే. లేత్ వాళ్లు క్రాంక్‌ని శుభ్రంగా 0.50 అండర్‌సైజ్‌కి, అంటే అర మిల్లీమీటర్ సన్నగా, గ్రైండ్ చేసి ఇచ్చారు, దానికి అంతే మందం పెరిగిన బేరింగులు కావాలి, వాళ్లని అనడానికి ఏం లేదు. బేరింగులు మాత్రం మేం చాలాకాలంగా సరుకు తీసుకునే సప్లయర్ దగ్గర ఆర్డర్ పెట్టాం. పేరు రాయను, రాస్తే ఇంకో గొడవ. ముందు రేపన్నారు, తర్వాత లారీ రాలేదన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఎలాగోలా డబ్బా వచ్చింది, మీద 0.50 అని స్టిక్కర్ చక్కగా అంటించి ఉంది. నేను గబగబా బ్లాకులో కూర్చోబెట్టేద్దాం అనుకుంటుంటే అమ్మ ఒక్కో బేరింగ్ ముక్కనీ తిప్పి వీపు చూస్తోంది. వెనక వైపు సైజు ముద్ర ఉంటుంది, అక్కడ 025 అని ఉంది, అంటే 0.25. ఒకటి కాదు, సెట్ మొత్తం. డబ్బా ఒక సైజు, సరుకు ఒక సైజు.

అయినా ముద్ర తప్పు పడిందేమో, కొలిచే చూద్దాం అని ప్లాస్టిగేజ్ పెట్టాం. అది ఆకుపచ్చ రంగు మైనం పోగులా ఉంటుంది, క్రాంక్ మీద అడ్డంగా పెట్టి క్యాప్ బిగించి, తిప్పకుండా మళ్లీ విప్పితే పోగు నలిగి వెడల్పవుతుంది, ఎంత వెడల్పయిందో దాని కవరు మీదున్న స్కేలుతో చూస్తే సందు ఎంతుందో తెలుస్తుంది. ఎక్కువ నలిగితే సందు తక్కువ, తక్కువ నలిగితే ఎక్కువ. మామూలుగా ఉండాల్సింది 0.05 మిల్లీమీటర్ అటూ ఇటూ. క్యాప్ తీసి చూస్తే పోగు పెట్టింది పెట్టినట్టే గుండ్రంగా ఉంది, నలగనే లేదు. పావు మిల్లీమీటర్ అదనంగా సందు ఉంటే ఇంకెందుకు నలుగుతుంది. ఆ సందుతో బిగించేసి ఉంటే ఆయిల్ అంతా పక్కల్నుంచి జారిపోయి ప్రెజర్ నిలబడదు, గ్రైండ్ చేయించిన క్రాంక్ మళ్లీ మొదటికొచ్చేది.

సప్లయర్‌కి ఫోటోలు పంపితే ఏమన్నారో తెలుసా, "పావు మిల్లీమీటర్‌దేముంది, ఆడుతూ ఆడుతూ సెట్ అవుతుంది" అన్నారు. బేరింగ్ ఆడుతూ ఆడుతూ సెట్ అవ్వదండీ, ఆడుతూ ఆడుతూ పోతుంది. వాపసు తీసుకోమంటే ప్యాకింగ్ తెరిచారు కాబట్టి కుదరదన్నారు. తెరవకుండా తప్పు సైజని ఎలా తెలుస్తుంది అంటే సమాధానం లేదు. అక్కడితో ఆగినా బాగుండేది, "వాళ్లకి బిగించడం చేతకాక సరుకు మీద పడుతున్నారు" అని మా ఇద్దరికీ తెలిసిన మనిషితో అన్నారట. మా అమ్మ కౌంటర్లో బేరింగులు అమ్మేటప్పుడు ఆ సప్లయర్ ఇంకా వ్యాపారమే మొదలుపెట్టలేదు. డబ్బు పోతే పోయింది, ఆ సెట్ ఇప్పటికీ మా క్యాష్ కౌంటర్ మీద డబ్బాతో సహా పెట్టే ఉంచాను, ఎవరైనా వచ్చి చూడొచ్చు. అమ్మ తీసెయ్యమంటోంది, నేను తియ్యను. అసలు సెట్ ఇంకో చోటి నుంచి తెప్పించాం, మీ డెలివరీలు లేటయిన దాంట్లో పెద్ద భాగం ఈ ఒక్క డబ్బాదే.

మిగతా బిగింపు అంతా సాఫీగానే పోయింది, దాని గురించి రాస్తే మీరు చదవడం మానేస్తారు. హెడ్ బోల్టులు మధ్యలోంచి బయటికి వరసగా టార్క్ రెంచ్‌తో బిగించేటప్పుడు అమ్మ కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ నించుంది, నేను ఒకటి వదిలేసి ముందుకెళ్తానేమోనని. మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు డీజిల్ కట్ చేసి కొట్టాం, ప్రెజర్ మీటర్ ముల్లు లేచాకే స్టార్ట్ చెయ్యనిచ్చింది.

బ్రేకుల గురించి మాత్రం మీరు అడగకపోయినా చెప్పాలి. వెనక కమాను పట్టీలు వేరే పికప్‌వి వేశాం, మనవి వంగిపోయాయి. వాటితో బండి వెనక ఎత్తు కాస్త మారింది. మన బండిలాంటి చాలా పికప్‌లలో వెనక ఇరుసుకి ఒక కడ్డీ తగిలించి దాని పైన ఒక వాల్వ్ ఉంటుంది, తొట్టిలో బరువు పడి వెనక దిగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకి ప్రెజర్ ఎక్కువ పంపుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. ఎత్తు మారినా దాన్ని సర్దకపోతే లోడ్ మీద బ్రేకు చాలదు, లేదా ఖాళీ బండి బ్రేకు వేస్తే వెనక చక్రాలు పట్టేసి తోక ఊగుతుంది. పట్టీలు మార్చి ఇది వదిలేసేవాళ్లు చాలామంది. మేం వదల్లేదు, బ్రేకు పని చేసే మనిషితో సెట్ చేయించి, ఖాళీగానూ బరువుతోనూ తోలి చూశాకే షాపుకి తెచ్చాం. బ్రేకు షూలు, పైపులు, ఆయిల్ అన్నీ కొత్తవే. బ్రేకుల్లో మాత్రం పాత పార్టు ఒక్కటి కూడా వాడలేదు, ఆ విషయంలో అమ్మ నా మాట కూడా వినలేదు.

ఇక డెలివరీలు. కొత్త రింగులు, కొత్త పిస్టన్లు కాబట్టి మొదటి 1000 కిలోమీటర్లు పెద్ద లోడ్ వెయ్యం, ఇంజిన్ని గుంజం, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, పట్టీల యూ బోల్టులు మళ్లీ బిగించాకే పూర్తి బరువు. అందుకని కుర్చీలు, స్టూళ్లు, టీపాయిలు, సింగిల్ మంచాలు ఈ వారం నుంచి మన బండిలోనే వచ్చేస్తాయి, ఆర్డర్ ఎవరు ముందిస్తే వాళ్లకి ముందు. మూడు తలుపుల బీరువాలు, పెద్ద డైనింగ్ టేబుళ్లు అద్దె బండిలో పంపుతాం, ఆ కిరాయి మాది, మీ బిల్లులో పడదు. మన బండిలోనే రావాలి, ఆగుతాం అనేవాళ్లు కూడా ఉన్నారు (ఉన్నారండీ, నిజంగా), వాళ్ల పేర్లు అమ్మ విడిగా రాసుకుంటోంది. అసలు వద్దు, అడ్వాన్సు ఇచ్చేయండి అంటే మొత్తం ఇచ్చేస్తా, ఎందుకని అడగను. మనసులో బాధపడతా, అది వేరే సంగతి.

డెలివరీ రోజు ముందు సాయంత్రం అమ్మే ఫోన్ చేస్తుంది, మీ వీధిలోకి బండి వస్తుందో రాదో, మెట్లు ఎన్నో ఆవిడకి చెప్పండి. ఇంకోటి, వెనక తొట్టి డోర్‌కి ఎడమ పక్క గొలుసు ఇంకా దొరకలేదు, ప్రస్తుతానికి తాడు కట్టి ఉంది. సామాను దించేటప్పుడు ఆ డోర్ మీద ఎవరూ కూర్చోకండి, పిల్లల్ని కూడా ఎక్కనివ్వకండి.