వార్షిక నివేదిక: మన గ్రంథాలయంలో ఉర్దూ, తమిళ బీరువాల సంగతి

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం, చూసుకోండి. ఈ ఏడాది మనం ఎక్కువ ఆశ పెట్టుకున్నదీ, ఎక్కువ తడబడిందీ ఉర్దూ, తమిళ పుస్తకాల దగ్గరే కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

చిత్తూరులో ఒకే వీధిలో మూడు భాషలు వినబడటం మనకు కొత్తేమీ కాదు. 1911లో జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది, 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయినా తమిళం మాట్లాడే ఇళ్ళు ఇటు చాలానే మిగిలాయి. ఉర్దూ అయితే 2022లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. అందుకే పోయిన సర్వసభ్య సమావేశంలో రెండు బీరువాలకు అందరం చేతులెత్తాం. ఇంటి పన్నుతో పాటు కట్టే గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది, మనకు రాదు. బీరువాలైనా పుస్తకాలైనా మీ చందాలే.

ఆరు నెలలయ్యాక ఇష్యూ రిజిస్టరు తిరగేస్తే ఉర్దూ పేజీ దాదాపు ఖాళీ. "వాళ్ళు చదవరులే" అనేశారు కమిటీలో ఒకరు. ఆ మాట నచ్చలేదు గానీ నా దగ్గరా జవాబు లేదు. సరేనని ముగ్గురం ఇంటింటికీ వెళ్ళి అడిగితే, తప్పు మనదేనని రెండో ఇంట్లోనే తెలిసిపోయింది. సభ్యత్వం ఫారంలో మాతృభాష ఏదని అడిగాం, ఏ లిపి చదవగలరని అడగలేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లల్లో చాలామంది బడిలో చదివేది తెలుగో ఇంగ్లీషో, ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుంటారంతే. "మీరు తెచ్చినవి మా అబ్బా చదివే రకం అన్నా, నాకు డీఎస్సీ గైడు కావాల, మా పాపకు తెలుగులో బొమ్మల పుస్తకం కావాల" అనింది ఒక ఆపా.

1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గ్రంథాలయాలకు చెప్పిన అయిదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. మనం రెండోది వదిలేసి మూడోదానితో మొదలుపెట్టాం. పైగా ఉర్దూ కథల గంట శుక్రవారం మధ్యాహ్నం పెట్టాం, సరిగ్గా జుమా నమాజు వేళకు! ఎవరైనా ఎలా వస్తారు? ఇప్పుడది ఆదివారం పొద్దునకు మార్చాం.

తమిళానిదీ ఇదే కథ అనుకుంటే పొరపాటు. అక్కడా రిజిస్టరులో ఇష్యూలు తక్కువే, కానీ పొద్దున్నే పెద్దాయనలు వచ్చి పేపరూ వారపత్రికలూ ఇక్కడే కూర్చుని చదివి వెళ్తారు, ఇంటికి తీసుకెళ్ళరు కాబట్టి లెక్కలోకి రారు. అందుకని చదివినవి మళ్ళీ బీరువాలో పెట్టొద్దు, టేబుల్ మీదే వదిలేయండని బోర్డు పెట్టాం. సాయంత్రం తాళం వేసేముందు వాటిని లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తున్నాం. రిజిస్టరు ఒక్కటే చూసి ఉంటే తమిళ పేపరు ఆపేసేవాళ్ళం, ఆ ప్రతిపాదన కూడా వచ్చింది.

కొత్త ఫారంలో లిపి ప్రశ్న చేర్చాం. పాత సభ్యులు కూడా మళ్ళీ నింపాలి, విసుక్కోకండి. కన్నడ పుస్తకాలు అడిగిన వాళ్ళున్నారు, ఈసారి ముందు అడిగాకే కొంటాం.

ఇంకో చిన్న పని మిగిలింది. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుందన్న ధ్యాస లేక గడువు తేదీ చీటీలన్నీ చివరి పేజీలో అంటించేశాం. ఉర్దూ చదవగలిగిన సభ్యులు ఎవరైనా ఒక ఆదివారం వస్తే, అవి ఊడదీసి సరిగ్గా అంటిద్దాం. జిగురు, టీ మన సంఘం ఖర్చే.