సర్వర్ కొనేవాళ్లంతా టీబీలే అడుగుతున్నారు

ఎడిటర్ గారూ,

మీ టెక్నాలజీ పేజీలో ఫోన్లు, కెమెరాల గురించి బాగానే రాస్తున్నారు. మా వైపు చిన్న ఆస్పత్రులు, కాలేజీలు, చిట్స్ ఆఫీసులు లక్షలు పోసి కొంటున్న సర్వర్ల (ఆఫీసు డేటా అంతా దాచి మిగతా కంప్యూటర్లకి అందించే పెద్ద కంప్యూటర్ల) ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. పదిహేనేళ్లుగా వాటి మెయింటెనెన్స్ చూస్తున్నవాణ్ణి, ఒళ్లు మండి రాస్తున్నాను.

కొనేవాళ్లు అడిగేది ఒక్కటే, "ఎన్ని టీబీలొస్తాయి?" టీబీ అంటే టెరాబైటు, సుమారు వెయ్యి జీబీలు. చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే పద్ధతిని రెయిడ్ అంటారు, దాంట్లో రకాలకి అంకెలు. 4 టీబీ డిస్కులు ఆరు పెట్టి రెయిడ్ 5 కడితే 20 టీబీ, రెయిడ్ 10 అయితే 12. కొటేషన్‌లో ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తే ఎవరి వేలైనా 20 మీదికే పోతుంది. ఆ డిస్కుల మీద పది వర్చువల్ మెషిన్లు (ఒకే సర్వర్లో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడవాలన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

రెయిడ్ 5 అంటే కిరాణా కొట్టు పద్దుల పుస్తకం లాంటిది. పేజీలో అంకెలు, కింద మొత్తం. ఒక అంకె చెరిగిపోతే మొత్తంలోంచి మిగతావి తీసేసి దాన్ని రాబట్టొచ్చు, ఒక డిస్కు పోయినా డేటా దక్కేది అలాగే. రెండు చెరిగాయా, ఇక అంతే. పైగా ఒక పద్దు దిద్దాలంటే పాత అంకె చదవాలి, పాత మొత్తం చదవాలి, కొత్త అంకె రాయాలి, కొత్త మొత్తం రాయాలి, అంటే ఒక్క రాతకి నాలుగు పనులు. రెయిడ్ 10లో అదే అంకెని రెండు డిస్కుల మీద రాస్తే సరిపోతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఇలాంటి చిల్లర పనులు సెకనుకి వంద లోపే చేస్తుంది. ఆరింటికీ కలిపి 500 వేసుకున్నా రెయిడ్ 5లో మిగిలేది 125 రాతలు, రెయిడ్ 10లో 250. రెయిడ్ 6 రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది గానీ రాతకి ఆరు పనులు, బ్యాకప్‌లు దాచుకోవడానికైతే బంగారం.

ఈమధ్య ఒక ఆస్పత్రి నుంచి ఫోన్, పొద్దున్నే బిల్లింగ్ కౌంటర్ కదలడం లేదని. వెళ్లి చూస్తే మెట్ల కింద పాత ఫైళ్ల మధ్య రెయిడ్ 5 సర్వర్, ఒక డిస్కు మీద అది పోయిందని చెప్పే నారింజ లైటు. "అది ఎప్పుడూ అలాగే వెలుగుతుంది సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. బీప్ శబ్దం గోలగా ఉందని మ్యూట్ కూడా చేశారట! డిస్కుల్ని నడిపే రెయిడ్ కార్డు మీద బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అది బాగుంటే కార్డు రాతల్ని తన మెమరీలో పెట్టుకుని మెషిన్లకి వెంటనే "సరే" చెప్పేస్తుంది, తీరిగ్గా డిస్కులకి పంపుతుంది. బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు అవన్నీ గాల్లో కలుస్తాయి కాబట్టి ప్రతి రాతా డిస్కు మీద పడ్డాకే సరే అంటుంది. కౌంటర్ నత్తనడక అందుకే.

శనివారం రాత్రి కొత్త డిస్కు పెట్టాను. మిగతా డిస్కులన్నీ చదివి, లెక్కగట్టి దాన్ని నింపాలి. సెకనుకి 100 ఎంబీ చొప్పున ఆగకుండా పోయినా 4 టీబీ నింపడానికి పదకొండు గంటలు పడుతుంది, అదీ సర్వర్ ఖాళీగా ఉంటే. ఓపీ ఆగదు కదా, సోమవారం పొద్దుటికి 70 శాతం నిండింది, అప్పుడు ఇంకో డిస్కులో చదవడానికి రాని భాగాలు బయటపడ్డాయి. నాకు చెమటలు పట్టాయి. బ్యాకప్ ఎక్కడుందంటే, అదే సర్వర్లో ఇంకో వర్చువల్ మెషిన్‌లో! అదృష్టం బాగుండి ల్యాబ్ రిపోర్టుల్లో కొన్ని తప్ప మిగతావన్నీ దక్కాయి.

ఇప్పుడు ఆరు డిస్కులూ రెయిడ్ 10లో ఉన్నాయి, కార్డుకి కొత్త బ్యాటరీ వేశాం, బ్యాకప్ వేరే గదిలో వేరే పెట్టెలోకి పోతోంది, డిస్కు పోతే మేనేజర్ గారి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కౌంటర్ పరిగెడుతోంది. మొన్న ఆ మేనేజర్ గారే ఫోన్ చేశారు, "ఏమండీ, 24 టీబీకి డబ్బులు కట్టాం, సగమే చూపిస్తోందేంటి?" అని.

ఒక సర్వర్ మెకానిక్,
గుంటూరు