సింగపూర్ నుంచి నేర్చుకోవలసింది మాట నిలకడ

సంపాదకులకు నమస్కారం.

2025 జులైలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సింగపూర్ పర్యటన తర్వాత ఆ దేశపు పెట్టుబడుల గురించి, అమరావతితో దానికున్న పాత అనుబంధం గురించి మళ్ళీ చర్చ మొదలైంది. ఈ చర్చ చాలావరకు ఆకాశహర్మ్యాల చుట్టూ, పన్ను రాయితీల చుట్టూ తిరుగుతోంది తప్ప, విదేశీ పెట్టుబడిదారులు ఆ చిన్న దేశాన్ని ఆరు దశాబ్దాలుగా ఎందుకు నమ్ముతున్నారన్న సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. మనకు పనికివచ్చేది ఆ సంగతేనని నమ్మి ఈ లేఖ రాస్తున్నాను.

సుమారు 735 చదరపు కిలోమీటర్ల సింగపూర్‌లో చెప్పుకోదగ్గ సాగుభూమి లేదు, ఖనిజాలు లేవు. నీళ్ళు కూడా కొంతమేరకు 1962 నాటి ఒప్పందం ప్రకారం మలేసియాలోని జొహోర్ నుంచి రావలసిందే. 1965 ఆగస్టు 9న అది విడి దేశమైంది. మూడేళ్ళు తిరగకముందే బ్రిటన్ తన సైనిక స్థావరాలను ఎత్తివేస్తానని ప్రకటించింది. అప్పటికి దేశ ఆదాయంలో దాదాపు అయిదో వంతు ఆ స్థావరాల వల్లనే వస్తుండేది. అలాంటి దేశపు ఎగుమతి దిగుమతుల విలువ నేడు దాని స్థూల దేశీయోత్పత్తికి మూడు రెట్లు. 2018–19 నుంచి భారతదేశానికి విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు అన్ని దేశాలకన్నా ఎక్కువగా వస్తున్నది కూడా అక్కడి నుంచే.

ఐక్యరాజ్యసమితి తరఫున 1960లో వెళ్ళిన డచ్చి ఆర్థికవేత్త ఆల్బర్ట్ విన్సెమియస్ ఆ ప్రభుత్వానికి ఇచ్చిన తొలి సలహాల్లో ఒకటి, వలస పాలకుడు రాఫెల్స్ విగ్రహాన్ని కదిలించవద్దని. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు చాలావరకు పాత గుర్తులను తుడిచేస్తున్న కాలమది. వెనుకటి ప్రభుత్వం చేసినదాన్ని ఈ ప్రభుత్వం కూలదోయదన్న భరోసా బయటివారికి కలగాలంటే ఆ విగ్రహం ఉన్నచోటే ఉండాలని ఆయన ఉద్దేశం. వలస పాలన పట్ల నాకెలాంటి మమకారమూ లేదు. అయినా ఆ సలహాలోని వివేకాన్ని కాదనలేను. 1961లో ఏర్పడిన ఆర్థికాభివృద్ధి మండలి, చిత్తడి నేలల్లో లేచిన జురాంగ్ పారిశ్రామికవాడ, 1972లో తెరిచిన కంటైనర్ రేవు, అన్నీ ఆ భరోసా మీద నిలబడినవే.

ఇక అమరావతి సంగతికి వస్తాను. 2015 జులై 20న, గోదావరి పుష్కరాలు జరుగుతుండగా, రాజమహేంద్రవరంలో రాజధాని కీలక ప్రాంత ప్రణాళికను మన ముఖ్యమంత్రికి అందజేసినవారు సింగపూర్ మంత్రి ఈశ్వరన్. 2017లో అసెండాస్–సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ సంస్థల కూటమికి 1,691 ఎకరాల అంకుర ప్రాంతం (స్టార్టప్ ఏరియా) అభివృద్ధిని అప్పగించారు. ఒక సంస్థ ఇచ్చిన ప్రతిపాదనకు పోటీగా ఇతరులను ఆహ్వానించే స్విస్ ఛాలెంజ్ పద్ధతిలో జరిగిన ఆ ఎంపికపై అప్పట్లోనే కోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. ప్రభుత్వం మారాక, 2019 నవంబరులో ఆ ప్రాజెక్టు రద్దయింది. ఉభయుల అంగీకారంతోనే రద్దు చేసుకున్నామని కాగితాల మీద ఉన్నా, ప్రభుత్వం మారితే ఇక్కడ ఒప్పందాలూ మారతాయన్న సంగతి ప్రపంచానికి అర్థమైంది. ఒప్పందంలో లోపాలుంటే సరిదిద్దడానికి మార్గాలుండగా, ఏకంగా రాజధానినే అనిశ్చితిలో పడేయడం రాష్ట్రానికి తీరని నష్టం చేసింది.

అదే ఈశ్వరన్‌కు 2024 అక్టోబరులో సింగపూర్ న్యాయస్థానం పన్నెండు నెలల జైలుశిక్ష వేసింది. తన అధికారిక విధులతో సంబంధమున్న వ్యాపారుల నుంచి నాలుగు లక్షల సింగపూర్ డాలర్లకు పైబడిన కానుకలు, కార్ల పందేల టికెట్లతో సహా, పుచ్చుకున్నారన్నది ప్రధాన అభియోగం. ఆయన నేరం ఒప్పుకున్నారు. ప్రాసిక్యూషన్ అడిగినది ఆరేడు నెలలే అయినా న్యాయమూర్తి అంతకు మించి విధించారు. 1959 నుంచి ఒకే పార్టీ ఏలుతున్న దేశంలో, ఆ పార్టీ తరఫున మంత్రిగా పనిచేసినవారికే ఈ శిక్ష పడింది. డబ్బు పెట్టేవాడికి ఇంతకన్నా గట్టి హామీ ఏ పెట్టుబడుల సదస్సులో దొరుకుతుంది?

సింగపూర్ చేసినదంతా మనకు ఆదర్శమని నేను అనడం లేదు. బలమైన ప్రతిపక్షం లేని రాజకీయం, 1966 చట్టంతో తక్కువ పరిహారానికి జరిగిన భూసేకరణ, కోవిడ్ కాలంలో బయటపడిన వలస కార్మికుల ఇరుకు వసతిగృహాల దుస్థితి మనకు అక్కర్లేదు. ప్రభుత్వాలు మారడం మన ప్రజాస్వామ్యానికి అందం. మారిన ప్రభుత్వం పాత ప్రభుత్వపు సంతకాన్ని గౌరవించడం అందుకు అడ్డేమీ కాదు.

మరొక్క మాట. అమరావతికి తొలి పెట్టుబడిదారులు సింగపూర్ కంపెనీలు కావు, రాజధాని భూసమీకరణకు 33 వేలకు పైగా ఎకరాలిచ్చిన ఆ ఊళ్ళ రైతులు. వారికి ఏటా రావలసిన కౌలు కోసం, అభివృద్ధి చేసిన ప్లాట్ల కోసం ఎదురుచూపులు తప్పలేదు. సొంత రైతుకిచ్చిన మాట నిలుపుకోని రాష్ట్రాన్ని పరాయి దేశపు మదుపరి ఎందుకు నమ్మాలి?

అందువల్ల ఇకపై విదేశీ సంస్థలతో కుదుర్చుకునే ప్రతి పెద్ద ఒప్పందాన్నీ, రద్దు షరతులు, భూమి ధర, రాష్ట్ర వాటా సహా, సంతకానికి ముందే పూర్తి పాఠంతో శాసనసభ ముందుంచాలని, దానిపై ప్రతిపక్షం కూడా సభకు హాజరై తన అభిప్రాయాన్ని నమోదు చేయాలని కోరుతున్నాను. రైతులకు చెల్లించవలసిన కౌలు తేదీలను, ప్లాట్ల అప్పగింత గడువులను కూడా అదే సభలో ప్రకటించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.