‘ఇతరములు’ గడిలో పట్టని పని: వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. ఇళ్లకు వచ్చి వృద్ధులను చూసుకునే సేవలకు నియమాలు రాసేదీ, వాటికి ఖజానా నుంచి డబ్బు విడుదల చేసేదీ మీ శాఖే కనుక ఈ లేఖను మీ పేర రాస్తున్నాను. నేను అడగదలచినది ఒక్కటే. ఒంటరితనంతో ఉన్న వృద్ధుల దగ్గర కూర్చుని మాట్లాడటాన్నీ, వారు చెప్పేది వినటాన్నీ మీ నియమాల్లో ఒక పనిగా గుర్తించండి. ఆ పనికి సమయం, జీతం, శిక్షణ కేటాయించి, వచ్చే మనిషి మాటిమాటికీ మారకుండా చూడండి.

మా పెద్దమ్మ చివరి నాలుగేళ్లు ఒక్కతే ఉంది. పెదనాన్న పోయాక ఆమె సంరక్షణ ఏర్పాట్లన్నీ నేనే చూశాను. ఒక ఏజెన్సీ తరఫున రోజుకు రెండు గంటలపాటు ఒక సహాయకురాలు వచ్చేది. వీధి తలుపు వెనక మేకుకు ఒక రిజిస్టరు వేలాడుతూ ఉండేది. ప్రతి పేజీలో నిలువు గళ్లు: స్నానం, బట్టలు, మందులు, భోజనం, బీపీ, నడక. అన్నిటికీ చివర, అంగుళం కూడా లేని వెడల్పులో ‘ఇతరములు’. పెద్దమ్మ పోయాక ఆ రిజిస్టర్లు నా దగ్గరికి చేరాయి. తిరగేస్తుంటే ఒక పేజీలో, ఆ చిన్న గడిలో పట్టక అంచు మీదికి పాకిన అక్షరాలతో ‘కబుర్లు, 25 నిమిషాలు’ అని కనిపించింది. మర్నాటి వరుసలో ‘పాత ఫొటోలు చూశాం, 20 నిమిషాలు’ అని ఉంది. ఆ రెండింటి మీదా ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన సూపర్‌వైజరు పొట్టి సంతకం. ఆ తరవాతి పేజీలన్నిటిలోనూ ఆ గడి ఖాళీ. ఆ సూపర్‌వైజరును నేను పెద్దగా తప్పుపట్టలేను. ఆయన చేతికిచ్చిన నమూనాలో కబుర్లకు చోటు లేదు, చోటు లేని పనికి బిల్లు రాదు.

కబుర్లు రాసిన ఆ అమ్మాయిని కొద్దిరోజులకే మరో ఇంటికి పంపారు. ఆ తరవాతి పదకొండు నెలల్లో ఏడుగురు మారారు. పనిలో ఎవరికీ వంక పెట్టడానికి లేదు. అయితే కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ పెద్దమ్మ తన కథ మొదటినుంచీ చెప్పుకోవాల్సి వచ్చేది: తాను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన టీచరునని, కుడి చెవి సరిగా వినపడదు కనుక ఎడమవైపు కూర్చోమని, గోడ మీద ఫొటోలో ఉన్నాయన తన భర్త అని, ఆయన ఎప్పుడు ఎలా పోయారో. మొదటి ఇద్దరికీ అంతా చెప్పింది. నాలుగో ఆమె ఫొటో వైపు చూసి అడిగితే ‘లేరు’ అని ఊరుకుంది. ఆరో ఆమె వచ్చేసరికి ఎడమవైపు కూర్చోమని చెప్పటం కూడా మానేసి, వినపడినా వినపడకపోయినా తల ఊపుతూ కూర్చునేది. రిజిస్టరులో మాత్రం ఆ నెలలన్నిటికీ అన్ని గళ్లలోనూ టిక్కులే ఉన్నాయి.

ఇది ఒక ఇంటి ముచ్చట అని మీరు అనుకోకుండా, ప్రపంచమంతటా అంగీకరించిన సంగతులు కొన్ని మీ ముందుంచుతాను. 148 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న మూడు లక్షల మందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని కలిపి పరిశీలించి 2010లో వెలువడిన ఒక విశ్లేషణలో, మనుషులతో బలమైన సంబంధాలున్నవారు అధ్యయనం సాగిన కాలంలో బతికి ఉండే అవకాశం అవి లేనివారికంటే సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక సంబంధాల కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 వరకూ ఉంటాయని అంచనా. చిత్తవైకల్యానికి (డిమెన్షియాకు) దారితీసే కారణాల్లో మనం మార్చగలిగినవి 14 అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ లెక్కగట్టినప్పుడు, వాటిలో సామాజిక ఏకాంతమూ ఉంది, వినికిడి లోపమూ ఉంది. ఈ రెండూ ఎలా కలుస్తాయో మా పెద్దమ్మ కుడి చెవి దగ్గర నేను చూశాను. బ్రిటన్ 2018లోనూ, జపాన్ 2021లోనూ ఒంటరితనం బాధ్యతను ప్రత్యేకంగా ఒక మంత్రికి అప్పగించాయి కనుక ఈ విషయం మీ హోదాకు చిన్నదని ఎవరైనా అంటే మీరు పట్టించుకోనక్కరలేదు.

అయితే ఒంటరిగా ఉండటమూ, ఒంటరితనమూ ఒకటి కాదు. ఒక్కరే ఉంటూ హాయిగా కాలం గడిపేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల తలుపు తట్టి ‘మీకు తోడు పంపుతున్నాం’ అంటే అది సేవ అనిపించుకోదు. నిండా మనుషులున్న ఇంట్లో పలకరింపు కరువైనవాళ్లూ ఉన్నారు. అందువల్ల ఎంత వయసు, ఇంట్లో ఎందరు అన్న లెక్కను బట్టి తోడును మంజూరు చేయకండి. అడిగి తెలుసుకోండి. దానికి పెద్ద సర్వే అక్కరలేదు. తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది, నలుగురిలో తనను వదిలేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది, అందరికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది అనే మూడు ప్రశ్నల కొలమానం 2004 నుంచీ వాడుకలో ఉంది. ఒక్కో జవాబుకు ఒకటి నుంచి మూడు మార్కులు, మొత్తం మూడు నుంచి తొమ్మిది. బీపీ చూసినంత సేపట్లో అయిపోతుంది. సేవ మొదలయ్యేటప్పుడు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి అడిగితే, ఎన్ని సందర్శనలు జరిగాయన్న లెక్కకంటే పనికొచ్చే లెక్క మీ శాఖకు దొరుకుతుంది.

పిల్లలు ఫోన్లు చేస్తారు కదా అని మీ అధికారులు అనవచ్చు. చేస్తారు. నేనూ చేసేదాన్ని. తరవాత ఆలోచిస్తే సిగ్గేసింది: తిన్నావా, మందు వేసుకున్నావా, స్నానం అయిందా, నడిచావా అని నేను అడిగినవన్నీ ఆ రిజిస్టరులోని గళ్లే. దూరాన ఉన్నవాళ్ల ఆందోళన అలాగే పలుకుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ తొందర ఉండదు. నిన్న సగంలో ఆపిన ముచ్చటను ఇవాళ అందుకోగలిగేది ఆ మనిషే. గుర్తు చేసే యంత్రాలు, మాట్లాడే యంత్రాలు ఇప్పుడు చాలా వచ్చాయి. మందుల వేళకు అవి మేలే, వాటిని నేను కాదనను. వాటిని కొన్నాం కనుక మనిషి అక్కరలేదని బడ్జెట్లో కోత పెట్టే రోజు వస్తుందేమోనన్నదే నా భయం.

నియమాల్లో ఏం రాయాలన్నదానికి వస్తాను. ఇంగ్లండ్‌లో సంరక్షణ ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2015లోనే, ఇంటికి వెళ్లే సందర్శన అరగంటకు తగ్గకూడదని, తగ్గాలంటే వెళ్లే మనిషి ఆ వృద్ధులకు ముందే తెలిసినవారై, చేసే పని కూడా కచ్చితంగా చిన్నదై ఉండాలని రాసింది. ఆ షరతులో నన్ను ఆకట్టుకున్నది ‘ముందే తెలిసినవారు’ అన్న మాట. మీ నియమంలో నిమిషాల కంటే ముందు దాన్ని రాయండి. ఒక ఇంటికి ఇద్దరికి మించకుండా మనుషులను కేటాయించాలి: ఒకరు ఎప్పుడూ వచ్చేవారు, మరొకరు వారు సెలవులో ఉన్నప్పుడు వచ్చేవారు. ఆ రెండో మనిషిని మొదటివారే వెంటబెట్టుకొచ్చి పరిచయం చేయాలి. మనిషిని మార్చక తప్పనప్పుడు వీడ్కోలు చెప్పేందుకు కనీసం ఒక రోజు ఇవ్వాలి. మా ఇంటికి వచ్చిన ఏడుగురిలో ‘రేపటి నుంచి నేను రాను పెద్దమ్మా’ అని చెప్పి వెళ్లింది ఒక్కరే. మిగతావాళ్లకు ఆ సంగతి ముందుగా తెలియనే తెలియదు.

తోడు మనిషి పనిమనిషి కాదన్నది కూడా నియమంలో ఉండాలి. ఇది రాయకపోతే ఏమవుతుందో ఈ వృత్తిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు: మొదటి వారం మాటలు, రెండో వారం గిన్నెలు, మూడో వారం ఇల్లు తుడవటం. ఆ పనులు తక్కువవని కాదు, వాటికి వేరే మనిషి, వేరే కూలి ఉండాలని. వచ్చేవారి నేపథ్యాన్ని పరిశీలించాలి. డబ్బు, నగలు, బ్యాంకు కార్డులు, వీలునామాల జోలికి పోకూడదని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒంటరి మనిషి ఆప్యాయతకు లొంగిపోవటం ఎంత సులువో మోసగాళ్లకు బాగా తెలుసు. నచ్చని మనిషిని కారణం చెప్పకుండా వద్దనే హక్కు వృద్ధులకు ఉండాలి. తాము చూసుకునే పెద్దవారు కన్నుమూస్తే మర్నాడే కొత్త ఇంటికి వెళ్లాల్సిన అగత్యం తోడు మనుషులకు ఉండకూడదు. వాళ్లకూ దుఃఖం ఉంటుంది, దాన్ని దిగమింగుకుని ఇంకో గుమ్మం ఎక్కి నవ్వమనటం అన్యాయం.

మనుషులు ఎక్కడ దొరుకుతారన్న ప్రశ్నకు అమెరికాలో 1970ల నుంచి నడుస్తున్న సీనియర్ కంపానియన్ పథకం ఒక జవాబు. అందులో 55 ఏళ్లు దాటినవారే సాటి వృద్ధుల ఇళ్లకు తోడుగా వెళతారు. తక్కువ ఆదాయం ఉన్నవారికి గంటల లెక్కన భత్యం ఇస్తారు. ఉద్యోగ విరమణ చేసి, ఒంట్లో సత్తువ ఉండి, పొద్దుపోక ఉన్నవారు ప్రతిచోటా ఉన్నారు. నా అనుభవంలో, దాదాపు ఒకే వయసు వారి మధ్య మాట తొందరగా కలుస్తుంది. మోకాళ్ల నొప్పి గురించి వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

ఈ సేవ చేయలేనిది కూడా మీకు చెప్పటం నా బాధ్యత. ఒంటరితనంలో రెండు రకాలున్నాయని, మనసుకు దగ్గరైన ఒక మనిషి లేకపోవటం వేరు, నలుగురితో కలయిక లేకపోవటం వేరు అని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే వివరించారు. రెండోదానికి తోడు మనిషి చాలావరకు మందు. మొదటిదానికి కొంతే. మా పెద్దమ్మకు పెదనాన్నను ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు. ఇలా తోడుగా వెళ్లే సేవలపై 2010లో వచ్చిన ఒక సమీక్ష, కుంగుబాటు లక్షణాలపై వాటి ప్రభావం ఒక మోస్తరేనని చెప్పింది. కనుక ఎవరైనా ఈ సేవను సర్వరోగ నివారిణిలా మీ ముందుకు తెస్తే నమ్మకండి. కుంగుబాటు ముదిరినవారికి వైద్యుడు కావాలి, చెవి వినపడనివారికి ముందు వినికిడి యంత్రం కావాలి. దాని బ్యాటరీ అయిపోయిందని గమనించి మార్చే మనిషి ఆ తరవాత కావాలి.

ఈ లేఖతో పాటు పెద్దమ్మ రిజిస్టరులోని నాలుగు పేజీల నకళ్లు మీ కార్యాలయానికి పంపుతున్నాను. సహాయకురాలి పేరు, సూపర్‌వైజరు సంతకం, ఏజెన్సీ ముద్ర కనపడకుండా కాగితం అంటించాను. మూడో పేజీలో ఎర్ర గీత ఉన్న వరుసను ఒకసారి చూడండి. కొత్త రిజిస్టరు నమూనాను మీ శాఖ ఖరారు చేసేటప్పుడు అందులో ‘మాటామంతీ’ అని ఒక గడి పెట్టించమనీ, రెండు ముక్కలు రాయడానికి చోటు ఉండేలా కాస్త వెడల్పుగా గీయించమనీ మనవి.

ఇట్లు,
భవదీయురాలు,
ఆ రిజిస్టర్లు దాచుకున్న చెల్లెలి కూతురు